బొమ్మలవాడ ఫైరింజన్లు

వార్షికోత్సవ సంచికకు ఆటల గురించి రాయండి అంటే మన హాస్టల్లో ఎవరైనా కబడ్డీ గురించో, వాలీబాల్ గురించో రాస్తారు. మేము రాయబోయేది నేల మీద కూర్చుని ఆడిన ఆట గురించి. ఆ ఆటలో మేము ఒక నగరాన్ని ఊహించుకుని, దానికి కావలసిన ఫైరింజన్లను, పడవలను ప్లాస్టిక్ ఇటుకలతో కట్టాము. ఆ నగరం పేరు బొమ్మలవాడ. బెజవాడకు తోడుగా ఉండాలని ఆ పేరు పెట్టుకున్నాము. పదో తరగతి అన్నలు ఈ వయసులో బొమ్మలేమిటని నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. కానీ చివరిదాకా చదవమని మా మనవి.

ముందుగా ఇటుకల సంగతి. మన పూర్వ విద్యార్థి ఒకరు విదేశంలో ఉద్యోగం చేస్తున్నారు. తన పిల్లలు పెద్దవాళ్ళయ్యాక వాళ్ళు ఆడుకున్న లెగో ఇటుకలను ఒక బియ్యం సంచిలో పోసి మన హాస్టల్‌కు ఇచ్చారు. వాటి చరిత్ర చదివితే మాకు ఆశ్చర్యం వేసింది. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే చిన్న ఊళ్ళో ఒక వడ్రంగి 1932లో చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. పేరు ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్. లెగో అంటే వాళ్ళ భాషలో 'బాగా ఆడుకో' అనే మాటల నుంచి వచ్చింది. ఒకదానిలో ఒకటి గట్టిగా పట్టుకునే ఇటుకకు 1958లో పేటెంటు తీసుకున్నారు. 1942లో వాళ్ళ కర్మాగారం కాలిపోయింది. 1960లో చెక్క బొమ్మల గోదాము కాలిపోయింది. ఆ రెండోసారి తర్వాత చెక్క బొమ్మలు మానేసి ప్లాస్టిక్ ఇటుకల మీదే నిలబడ్డారు. అంటే మా చేతిలోని ఇటుకలకు అగ్నిప్రమాదం కొత్త కాదన్నమాట.

ఎనిమిది బుడిపెలున్న ఇటుకలు ఒకే రంగువి ఆరు ఉంటే, వాటిని కలిపే పద్ధతులు 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 అని గణిత శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. మా సంచిలో ఆరు కాదు, వందల ఇటుకలున్నాయి. తక్కువైనవి చక్రాలు, నిచ్చెనలు మాత్రమే. నిచ్చెనల లోటు కొండపల్లి నుంచి వచ్చిన మా మిత్రుడు తీర్చాడు. సెలవులకు వెళ్ళి వస్తూ తెల్లపొణికి చెక్క ముక్కలు తెచ్చాడు. అక్కడి కళాకారులు ఒక్కో భాగాన్ని విడిగా చెక్కి, చింతగింజల బంక, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. డెన్మార్క్ ఇటుకైనా, కొండపల్లి బొమ్మైనా ముక్కలు కలిపి రూపం తెచ్చేదే.

ఇక ఫైరింజన్లే ఎందుకు? దానికి రెండు కారణాలు.

మొదటిది వరద. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వైపు కమ్ముకున్నాయి. బుడమేరు మళ్ళింపు కాలువ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. మాలో ఇద్దరి ఇళ్ళు ఆ వైపే. పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్ల మీద అన్నం పొట్లాలు, పాలు, నీళ్ళు వచ్చిన రోజులవి. నీళ్ళు తీశాక ఫైరింజన్లు వీధుల్లోకి వచ్చాయి. మంటలార్పే గొట్టాలతో ఇళ్ళలోని బురద కడిగాయి. ఫైరింజను నిప్పుకే కాదు, నీటి కష్టానికి కూడా పనికొస్తుందని మేము కళ్ళారా చూశాము.

రెండో కారణం మాలో ఒకడి ఇల్లు. వాడిది డెల్టాలో కాలువ గట్టు మీది పేట. వాడు ఏడో తరగతిలో ఉండగా, ఎండాకాలం మధ్యాహ్నం గాలికి తాటాకిళ్ళు వరసగా అంటుకున్నాయి. ఫైరింజను వచ్చింది గానీ వంతెన ఇవతలే ఆగిపోయింది. పేటలోకి సందు తప్ప దారి లేదు. గొట్టానికి గొట్టం తగిలించుకుంటూ లోపలికి చేరేసరికి వాడి ఇంట్లో రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ బూడిదయ్యాయి. ఆ కాగితాల విలువ మన హాస్టల్లో ఎవరికీ వివరించనక్కరలేదు. అవి లేనిదే ఇక్కడ మనకు చేరిక కూడా ఉండదు.

మేము ఎర్ర ఇటుకలన్నీ ఏరి పెద్ద ఫైరింజను కడుతుంటే వాడు పక్కన నిలబడి, "అన్నా, బండి బాగుంది. మా పేటలోకి మాత్రం ఇది రాదు" అన్నాడు. ఆ మాటతో బొమ్మలవాడకు ఒక చట్టం వచ్చింది. ఏ బండి కట్టినా అది చివరి ఇంటిదాకా వెళ్ళాలి, లేదా దాని పని అక్కడిదాకా చేరాలి. దానికి చివరి ఇంటి పరీక్ష అని పేరు పెట్టాము.

భోజనశాల నేల మీద సుద్దముక్కతో నగరం గీశాము. బెజవాడలో ఉన్నట్టే ఒక నది, ఒక బ్యారేజీ, ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లాగా మూడు కాలువలు, మధ్యలో రైలు పట్టాలు. నగరం చివర గట్టు మీద పేట. అగ్గిపెట్టెల మీద కాగితం కప్పులు పెడితే ఇళ్ళయ్యాయి. అన్నిటికన్నా దూరంగా ఉన్న అగ్గిపెట్టె మా చివరి ఇల్లు. దాని సందు వెడల్పు నాలుగు బుడిపెలు. మా పెద్ద బండి వెడల్పు ఆరు.

అప్పుడు లెక్కలు మొదలయ్యాయి. ఫైరింజనులో సుమారు 4,500 లీటర్ల నీళ్ళు పడతాయి. ఒక గొట్టం నిమిషానికి 450 లీటర్లు వదిలితే పది నిమిషాల్లో ఖాళీ. తర్వాత నీళ్ళెక్కడివి? డెల్టాలో కాలువలున్నాయిగా అంటారు. కాలువ నీళ్ళు తోడాలంటే పంపు ఒడ్డుకు దగ్గరగా రావాలి. పంపు లోపల గాలి తీసేస్తే బయటి గాలి ఒత్తిడి నీళ్ళను పైకి నెడుతుందని భౌతికశాస్త్రంలో చదువుకున్నాం కదా. లెక్క ప్రకారం 10 మీటర్ల ఎత్తు, వాడకంలో ఏడెనిమిది మీటర్లే. ఇంకో చిక్కు ఉంది. ఇళ్ళు తగలబడేది ఎక్కువగా ఎండాకాలంలో. కాలువలు కట్టేసేదీ ఎండాకాలంలోనే. నీళ్ళు కావలసినప్పుడే కాలువ ఎండి ఉంటుంది. మా నగరం కాబట్టి ఊరి చెరువును నిండుగా ఉంచాము. చెరువు నుంచి పేటదాకా బండి దారి గీశాము.

అలా మా బండ్లు ఒక్కొక్కటిగా తయారయ్యాయి. పెద్ద ఫైరింజను ఒకటి. దాని వెనక నీళ్ళు మోసే లారీ ఒకటి. అపార్టుమెంట్ల కోసం పొణికి చెక్క నిచ్చెన బండి ఒకటి. సందుల కోసం మూడు బుడిపెల వెడల్పుతో ఆటో ట్రాలీ లాంటి చిన్న బండ్లు రెండు, వాటి మీద ఇద్దరు మోయగల పంపు, చుట్టలు చుట్టిన గొట్టం. గొట్టానికి సైకిల్ వాల్వు ట్యూబు వాడాము. అడుగు చదునుగా ఉన్న పడవలు మూడు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి మా తాతయ్యలు చెప్పింది విన్నవాళ్ళం, పడవలు లేని నగరాన్ని కట్టలేము. ఎర్ర ఇటుకలు చాలక పడవలు పసుపువి, చిన్న బండ్లు నీలంవి అయ్యాయి. మా పరీక్షలో అన్నిటికన్నా ముందు చివరి ఇంటికి చేరింది నీలం బండే.

ప్రదర్శనకు 2025 ఏప్రిల్ 14వ తేదీని ఎంచుకున్నాము. ఆ రోజు మనందరికీ బాబాసాహెబ్ అంబేద్కర్ జయంతి. 1891లో ఆయన పుట్టిన రోజు. దేశమంతటా అగ్నిమాపక సేవా దినం కూడా అదే రోజని మాలో చాలామందికి అప్పుడే తెలిసింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ప్రత్తి, పేలుడు పదార్థాలు ఉన్న ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకుని పేలింది. మంటలార్పడానికి వెళ్ళిన సిబ్బంది 66 మంది ప్రాణాలు వదిలారు. వాళ్ళ జ్ఞాపకార్థమే ఏటా 14 నుంచి 20 వరకు వారోత్సవాలు జరుపుతారు. మేము బాబాసాహెబ్ చిత్రపటానికి పూలమాల వేసి, ఆ అమరులకు రెండు నిమిషాలు మౌనం పాటించి, భోజనశాల తలుపులు తెరిచాము.

చూడడానికి వచ్చినవారిలో అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి బండినీ చూశారు. నీలం బండిని చేతిలోకి తీసుకుని సందులో నడిపించారు. తర్వాత మావైపు తిరిగి, "బాబూ, బొమ్మలవాడ సంగతి బాగుంది. గంట కొడితే మీ హాస్టల్ ఖాళీ కావడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగారు.

ఎవరి దగ్గరా జవాబు లేదు. వార్డెన్ గారి అనుమతితో మర్నాడు సాయంత్రం గంట కొట్టి చూశాము. నాలుగు నిమిషాలు దాటింది. వరండాలో ట్రంకు పెట్టెలు, ఆరేసిన దుప్పట్లు, వెనుక తలుపుకు తాళం. చివరి ఇంటి పరీక్ష ఇక్కడ కూడా పెట్టాము. మన చివరి ఇల్లు మేడ మీద మూల గది. అందులో ఉండేది అయిదో తరగతి తమ్ముళ్ళు. పెట్టెలు మంచాల కిందికి చేరాయి. వెనుక తలుపు తాళంచెవి తలుపు పక్కనే మేకుకు వేలాడింది. పొగ వస్తే నిలబడి పరుగెత్తకుండా, నేలకు దగ్గరగా వంగి రావాలని తమ్ముళ్ళకు నేర్పాము. ఒక్కో తమ్ముడికి ఒక అన్న తోడు. వారం తర్వాత మళ్ళీ గంట కొడితే రెండు నిమిషాల్లోపే అందరం మైదానంలో ఉన్నాము. అందరికన్నా ముందు మూల గది తమ్ముళ్ళే నిలబడి ఉన్నారు. 101, 112 నంబర్లు అప్పటి నుంచి వాళ్ళకు ఎక్కాల కన్నా బాగా వచ్చు.

ఇల్లు కాలిన మా మిత్రుడు తన కాగితాలన్నీ మళ్ళీ తెచ్చుకున్నాడు. అందరం మా సర్టిఫికెట్ల నకళ్ళు రెండు సెట్లు తీయించి, ఒకటి ఇంట్లో, ఒకటి హాస్టల్లో ఉంచుతున్నాము. తమ్ముళ్ళారా, మీరూ అలాగే చేయండి. ఖర్చు కొన్ని రూపాయలే.

బొమ్మలవాడను ఎనిమిదో తరగతి వాళ్ళకు అప్పగించాము. సంచి స్టోర్ రూంలో ఉంది. ఎవరైనా తీసి ఎలాగైనా కట్టుకోవచ్చు. నిబంధన ఒక్కటే, ముందు చివరి ఇల్లు పెట్టాలి, తర్వాతే బండి మొదలుపెట్టాలి. పూర్వ విద్యార్థులకు చివరగా ఒక విన్నపం. ఇటుకలకు కొదవ లేదు, చక్రాలే తక్కువ. వచ్చే వార్షికోత్సవానికి ఎవరైనా నాలుగు జతల చక్రాలు తెస్తే, నీలం బండ్లు మరో రెండు తయారవుతాయి.