చేతులు ఆగవు, అందుకే ఎవరికీ తెలియదు

ధవళేశ్వరం నుంచి బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, కాలవ గట్టు పట్టుకుని లొల్ల లాకుల మీదుగా వెళ్తే ఆత్రేయపురం. 2022లో జిల్లాలు విడదీశాక ఈ ఊరు అంబేడ్కర్ కోనసీమ జిల్లాలోకి వచ్చింది. నేను వెళ్ళింది శనివారం. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్న జనంతో రోడ్డు కిటకిటలాడుతోంది. తిరుగు దారిలో వాళ్ళంతా పూతరేకులు కొంటారు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చాక ఊరి పేరు పెట్టె మీద ఇంకా పెద్ద అక్షరాల్లో పడుతోంది.

నేను వచ్చింది స్వీటు కోసం కాదు. ఆందోళన, కుంగుబాటు రెండూ ఒకే మనిషిని పట్టుకుంటే, ఆ మనిషి ఇంట్లోనే కూలికి పని చేసుకునే ఆడమనిషి అయితే, ఆమె రోజు ఎలా గడుస్తుందో చూడాలని వచ్చాను. ఈ రెండూ నాకూ ఉన్నాయి. మందులు వాడుతున్నాను. కానీ నాకు జీతం ఉంది, సెలవు ఉంది, తలుపు వేసుకోవడానికి ఒక గది ఉంది. ఇవేవీ లేనిచోట ఈ జబ్బులు ఎలా ఉంటాయన్నది నాకు పుస్తకాల్లో సరిగ్గా దొరకలేదు. నాకు తెలిసిన ఒక ఆశా కార్యకర్త, అలాంటి ఒకావిడని ముందుగా అడిగి, ఆమె సరేనన్నాకే నన్ను తీసుకెళ్ళింది. పేరు రాయకూడదు, వీధి చెప్పకూడదు అన్నది ఆమె పెట్టిన షరతు. అందుకే ఇక్కడ ఆమెని ‘ఆమె’ అనే అంటాను.

ఇంటి వెనక తాటాకు పంచలో పని. నేల మీద పొయ్యి, దాని మీద బోర్లించిన పెద్ద కుండ. మంట పెట్టడానికి కుండకి పక్కన నోరు. అందులోకి ఎండు కొబ్బరాకులు కొద్దికొద్దిగా తోస్తూ ఉండాలి. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్ళు కలిపి పాలలా పల్చగా చేసిన పిండి ఎడమ పక్కన గిన్నెలో. పల్చటి గుడ్డని ఆ పిండిలో ముంచి, రెండు చేతులతో పరిచి, కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ దాటిపోయేలోపే రేకు తయారు. అంచు పట్టి ఎత్తుతుంది, పక్కన పేరుస్తుంది, మళ్ళీ గుడ్డ పిండిలోకి. నేను కూర్చున్నంతసేపూ, ఒక్కసారి తప్ప, ఆ చేతులు ఆగలేదు. మంట పెరిగితే రేకు మాడుతుంది, తగ్గితే కుండని వదలదు. అందుకని మాట్లాడుతున్నా చూపు కుండ మీదే. ఎదురుగా మంట, వెనక గోడ. వేసవిలో ఆ పంచలో కూర్చోవడమే ఒక కష్టం. రేకులు తీసేవాళ్ళు వేరు, వాటికి నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లమో జల్లి మడతపెట్టేవాళ్ళు వేరు. ఆమెది రేకులు తీసే పని. కూలి వందల లెక్కన. తీసినన్నిటికే డబ్బు, విరిగినవి లెక్కలోకి రావు.

“పొద్దున్న మూడున్నర, నాలుగింటికి మెలకువ వచ్చేద్దండి. గుండె దడదడలాడిపోద్ది. ఇయ్యాల రేకు సరిగ్గా రాదేమో, ముసురు పట్టుద్దేమో, పిల్లోడి ఫీజు ఎలాగో, అన్నీ ఒకేసారి వచ్చి మీద పడతాయండి. సరే లెగుద్దావంటే కాళ్ళు రావు. భయవేమో లెగమంటాది, ఒళ్ళేమో లెగనివ్వదు.”

లేచాక ఎలా ఉంటుందని అడిగాను.

“లేచాక చేసేత్తానండి. పని మానేత్తే ఏవయిపోద్దో అని చేత్తాను. బాగుండి కాదు.”

ఈ చివరి మాట దగ్గర నేను కాసేపు ఏమీ రాసుకోలేకపోయాను. ఎందుకంటే అది నా సంగతి కూడా. ఆఫీసులో నా పని ఏనాడూ ఆలస్యం కాలేదు. ఆలస్యమైతే ఏమవుతుందో అన్న భయమే నన్ను నడిపించింది. ఇంటికొచ్చాక అన్నం కలుపుకోవడానికి చెయ్యి లేచేది కాదు. వారమంతా నన్ను చూసినవాళ్ళకి నేను చురుకైన మనిషిని. కుంగుబాటు ఒక్కటే ఉంటే చాలామందిలో పని కుంటుపడుతుంది, ఇంట్లోవాళ్ళకి అనుమానమొస్తుంది. ఆందోళన ఒక్కటే ఉంటే కొందరు తమ భయాన్ని పదిమందికీ చెప్పుకుంటారు. రెండూ ఉన్న మాలాంటివాళ్ళలో భయం చేతుల్ని ఆడిస్తుంది, దిగులు నోరు మూయిస్తుంది. బయటికి కనిపించేది పని మాత్రమే. డెల్టా ఊళ్ళలో మనిషి బాగున్నాడా లేదా అన్నదానికి పనే కొలత. “నీకేం, దుక్కలా పని చేసుకుంటన్నావు కదా” అని ఆమె ఆడపడుచు ఆమెతో అన్నదట. ఆ అమ్మాయి చెడ్డది కాదు. కనిపించిందే అన్నది.

ఈ రెండు జబ్బులూ కలిసి రావడం అరుదేమీ కాదు. అమెరికాలో స్టార్‌డీ అని కుంగుబాటు చికిత్స మీద పెద్ద అధ్యయనం ఒకటి జరిగింది. అందులో చేరినవాళ్ళలో సుమారు సగం మందికి ఆందోళన లక్షణాలు కూడా గట్టిగా ఉన్నాయి. అలాంటివాళ్ళకి నయం కావడం మిగతావాళ్ళకన్నా ఆలస్యమైంది, నయమైనవాళ్ళూ తక్కువే అని 2008లో అచ్చయిన ఫలితాలు చెప్పాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో ఈ రెండూ కలగలిసిన స్థితికి విడిగా ఒక చోటే ఉంది. మన దేశంలో 2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, ఇలాంటి సాధారణ మానసిక సమస్యలున్న ప్రతి వందమందిలో 85 మంది దాకా చికిత్స అందనివాళ్ళేనని తేలింది.

ఆమె కూడా చాలాకాలం ఆ 85 మందిలోనే ఉంది. గుండె దడకి ఒక చోట గుండె పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. ఇంకొక చోట నిద్రకి బిళ్ళలిచ్చారు. వాటితో కొన్నాళ్ళు పడుకుంది. తర్వాత అవి లేకుండా పడుకోలేని స్థితి వచ్చింది. అల్ప్రజోలమ్ రకం మందులతో ఉన్న ఇబ్బంది ఇదే. దడని ఆ పూటకి అణుస్తాయి, కింద ఉన్న కుంగుబాటుని ముట్టుకోవు, నెలల తరబడి వాడితే అలవాటుగా మారతాయి.

ఇక్కడ ఆశా కార్యకర్త చెప్పిన సంగతి నాకు ఈ పర్యటన మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళందరికీ ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్, కేన్సర్ ముప్పు తెలుసుకోవడానికి ఆశాలు నింపే ఫారం ఒకటుంది, సీబ్యాక్ అంటారు. దాని చివర మనసు గురించి రెండు ప్రశ్నలున్నాయి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి గానీ ఆనందం గానీ తగ్గిందా అన్నది ఒకటి. దిగులుగా, నిరాశగా అనిపించిందా అన్నది రెండోది. ఇంటికెళ్ళి అడిగితే ఆమె మొదటిదానికి “పనులన్నీ చేసుకుంటన్నానండి” అంది. రెండోదానికి అత్తగారు పక్కనే ఉండటంతో “ఏం లేదండి” అంది. రెండు సున్నాలు పడ్డాయి. ఫారం ప్రకారం ఆమె ఆరోగ్యవంతురాలు.

“నాకు మటుకు మనసొప్పలేదండి,” అంది ఆశా కార్యకర్త. “మనిషి కళ్ళు చూత్తే తెలుత్తంది. మర్నాడు మళ్ళీ వచ్చానండి, రేకులు తీసే టయానికి. ఆ టైములో పంచలోకి ఎవరూ రారు, పొగ కదండి. నిద్దర పడతందా, గుండె దడగా ఉంటందా అని అడిగాను. అంతే, మొత్తం చెప్పేసింది.”

ఆందోళన గురించి అడిగిన ప్రశ్న నుంచి కుంగుబాటు బయటపడింది. చావు ఆలోచనలు వస్తున్నాయా అని కూడా అడిగిందట. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి, అడిగినందుకు మనిషికి ఊరట కూడా కలగవచ్చు. ఆమె కొంతసేపు ఊరుకుని, అవునంది. ఆ వారంలోనే ఇద్దరూ కలిసి రాజమండ్రిలో మానసిక వైద్యుడి దగ్గరకి వెళ్ళారు.

ఆ ఫారంలో ఆందోళన గురించి కూడా రెండు ప్రశ్నలు చేరిస్తే ఇంకా చాలామంది బయటపడతారని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇది నా ఊహ మాత్రమే కాదు. గోదావరి అవతలి ఒడ్డున, పశ్చిమ గోదావరిలో, ఈ పని చేసి చూశారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ వాళ్ళు పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అనే కార్యక్రమం నడిపారు. ఆశాల చేతికి ట్యాబ్‌లిచ్చారు. కుంగుబాటుకి తొమ్మిది ప్రశ్నలు, ఆందోళనకి ఏడు, రెండూ ఒకేసారి అడిగించారు. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళ వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకి చేరతాయి, ఏం చెయ్యాలో ఆయన ట్యాబ్ చెబుతుంది, తర్వాత మందులు వాడుతున్నారా లేదా అని ఆశా మళ్ళీ ఇంటికెళ్ళి చూస్తుంది. ముందుగా ఊళ్ళో నాటకం వేయించి, ఇంటింటికీ తిరిగి, ఇది పిచ్చి కాదు, సిగ్గుపడాల్సింది కాదు అని చెప్పారు. మొదటి విడత 30 గిరిజన గ్రామాల్లో సుమారు 5,000 మందితో జరిగింది. సాయం అవసరమైనవాళ్ళలో దానికోసం వెళ్ళినవాళ్ళు అంతకుముందు 0.8 శాతం. తర్వాత 12.6 శాతం. వందలో ఎనభై ఏడు మంది ఇంకా వెళ్ళలేదు కదా అనవచ్చు. నిజమే. కానీ సున్నా దగ్గర ఉన్న లెక్క కదిలింది, కదిపింది మన ఊళ్ళ ఆశాలు. తర్వాత పశ్చిమ గోదావరిలోనూ హర్యానాలోనూ కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఇంకా పెద్దగా పరీక్షించారు. ఏడాది గడిచాక, మామూలు పద్ధతిలో వదిలిన ఊళ్ళకన్నా ఈ ఊళ్ళలో కుంగుబాటు బాగా తగ్గింది. ఈ ఫలితాలు 2024లో వచ్చాయి. ఇంత దగ్గర్లో జరిగిన పనిని ఏటికి ఇవతలి ఒడ్డున ఇంకా అందుకోలేదన్నది నాకు బాధ.

ఆమె చికిత్స గురించి అడిగాను. ఇప్పుడు వాడుతున్న మందు కుంగుబాటుకీ ఆందోళనకీ రెండింటికీ పనిచేసే రకం. ఇలాంటి మందులు మొదటి వారం పది రోజుల్లో కొందరికి దడ పెంచుతాయి, మేలు తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆమెకీ అదే జరిగింది. నాలుగో రోజుకే మానేద్దామనుకుంది. “ఆ మందు పడ్డం లేదు, తీసి పారెయ్” అని అత్తగారు అన్నారు. ఆశా కార్యకర్త రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, ఇంకో పది రోజులు చూడమంది. నేను ఆమెతో నా సంగతీ చెప్పాను. నాకూ మొదట్లో చేతులు వణికాయని, మూడో వారంలో ఒకరోజు ఉప్మా రుచిగా తగిలిందని, ఆ రుచే మొదటి గుర్తని. ఆమె నవ్వింది. “నాకు చంటిది ఏదో అల్లరి చేత్తే నవ్వొచ్చిందండి. నవ్వాక గుర్తొచ్చింది, నవ్వి చానాళ్ళయిందని.”

మందు ఒక్కటే కాదు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కుంగుబాటు, ఆందోళన ఉన్నవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని, శిక్షణ పొందిన మామూలు మనుషులే సలహాదారులుగా పనిచేసి మంచి ఫలితం చూపించారు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా మొదలుపెట్టిన కార్యక్రమంలో అమ్మమ్మలు బెంచీ మీద కూర్చోబెట్టుకుని ఇదే పని చేస్తున్నారు. అక్కడ జరిగేది పెద్ద విద్యేమీ కాదు. ఒక సమస్యని ఎంచుకోవడం, ఈ వారం దానికి చెయ్యగలిగినదొకటి అనుకోవడం, చేశాక వచ్చి చెప్పడం. ఆమెకి డాక్టరు చెప్పిందీ అలాంటిదే. రోజులో ఒక పని భయంతో కాకుండా ఇష్టంతో చెయ్యమన్నారు. ఆమె సాయంత్రం పూట కాలవ గట్టు మీద చంటిదాన్ని తీసుకుని నడుస్తోంది. నెలకి వచ్చే కూలి కాస్త తగ్గిందట. దాని గురించి ఇంట్లో గొడవ ఇంకా ఉంది. అది మందుతో పోయేది కాదు, దాన్ని మానసిక ఆరోగ్యం ఖాతాలో వేసి నేను తేలిక చెయ్యలేను. కూలి వందల లెక్కన ఉన్నంతకాలం ఆమె విశ్రాంతికి ధర ఉంటూనే ఉంటుంది.

అత్తగారు మధ్యలో వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. ఏడు శనివారాలు వాడపల్లి వెళ్ళిరమ్మన్నది ఆవిడే. కోడలు వెళ్ళింది కూడా. ఆ నడక, ఆ జనం, ఆ కాసేపు ఇంటి నుంచి దూరం, మంచే చేశాయి. కానీ గుడికి వెళ్ళొచ్చిన రాత్రి కూడా నాలుగింటికి మెలకువ వచ్చింది.

“ఈ బిళ్ళలు జీవితాంతం వెయ్యాలా బాబూ?” అన్నారావిడ.

బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు, తొమ్మిది నెలలు వెయ్యాలని, బాగుంది కదా అని ఒక్కసారిగా ఆపకూడదని, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలని చెప్పాను. “బీపీ బిళ్ళ నేను పన్నెండేళ్ళుగా వేస్తన్నాను, దీనికి ఆరు నెల్లయితే ఎంత” అన్నారావిడ. కోడలు కుండ మీద నుంచి చూపు తిప్పి ఆవిడ వైపు చూసింది. నేను ఉన్నంతసేపట్లో చేతులు ఆగింది అప్పుడే. ఒక రేకు మాడింది.

వచ్చేముందు 14416 నంబరు రాసిచ్చాను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అది. రాత్రీ పగలూ ఎప్పుడు చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. అక్కడే ఉన్న ఆడపడుచు ఆ చీటీ తీసుకుని, రేకుల లెక్కలు రాసుకునే క్యాలెండర్ మీద ఎక్కించింది.

“వేరేవాళ్ళ కోసం కూడా చెయ్యొచ్చాండీ?” అని అడిగింది.

చెయ్యొచ్చన్నాను. ఇంట్లోవాళ్ళ గురించో తెలిసినవాళ్ళ గురించో అడిగినా ఏం చెయ్యాలో చెబుతారన్నాను. ఆడపడుచు ఆశా కార్యకర్తని పక్కకి పిలిచి, పక్క వీధిలో మడతలు పెట్టే ఒకావిడ గురించి చెప్పింది. ఆవిడా బాగా పని చేస్తుందట, రోజూ అందరికన్నా ముందే వస్తుందట. ఆశా కార్యకర్త సంచి భుజానికి తగిలించుకుని, ఏ టైముకి ఒంటరిగా ఉంటుందని అడిగింది. మూడింటికని తెలిసింది. అప్పటికి రెండున్నర. నన్ను బస్సు దగ్గర దింపకుండానే ఆశా కార్యకర్త అటు వెళ్ళిపోయింది.