పాటకు ఇద్దరు కావాలి

ఇంట్లో వాడని సామాను ఆన్‌లైన్ వేలంలో పెడదామంటే మా అమ్మ ముఖం చిట్లించింది. "నలుగురు చూస్తే ఏమనుకుంటరు? అప్పులపాలైనమనుకోరా?" అంది. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. విడిపించుకోని తాకట్టు నగల వేలం ప్రకటనలు పేపర్లో చిన్నచిన్న అక్షరాలతో పేజీలు నింపేస్తుంటాయి. సామాను వేలం అన్నమాట చెవిన పడితే చాలు, ఆ ఇంటి పరువు పోయిందనే లెక్క.

అలాగని ఆమెకు వేలం తెలియదా అంటే, చిట్టీ పాటలో ఆరితేరిన మనిషి. ఎవరు ఎంత అవసరంలో ఉన్నారో గొంతును బట్టి పసిగడుతుంది. ఎంత తగ్గించి పాడితే చిట్టీ ఎత్తుకోవచ్చో, ఎన్ని నెలలు ఆగితే లాభమో వేళ్ల మీద చెబుతుంది. మాకు దగ్గర్లోని బాలాపూర్‌లో గణేశుడి లడ్డూను 1994లో కొలను మోహన్‌రెడ్డి 450 రూపాయలకు పాడుకున్నారు. 2024లో అదే లడ్డూ పాట 30 లక్షలు దాటింది. ఆ కబురు అమ్మే మాకు చెబుతుంది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం నూరు కోట్లు దాటింది కూడా ఆన్‌లైన్ వేలంలోనే. లడ్డూకు, భూమికి లేని నామోషీ మన ఇంటి సామానుకు ఎందుకో!

హైదరాబాద్ మలక్‌పేటలో ఉంటూ వేలం అంటే జంకితే ఎట్లా? మహబూబ్ మాన్షన్ గంజ్‌కు పొద్దున్నే పోయి చూడండి. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చిన ఉల్లిగడ్డ సంచులు వరుసగా ఉంటాయి. కొనేవాళ్లు గడ్డను చేతిలోకి తీసుకుని నొక్కుతారు, తడి చూస్తారు, సైజు చూస్తారు, ఆ తర్వాతే పాట. నిన్నటి ధర ఇవాళ్టి సరుకుకు పనికిరాదు. ఇవాళ్టి ధర ఎంతో అమ్మే రైతుకూ తెలియదు, కొనే సేటుకూ తెలియదు. దాన్ని తేల్చేది పాటే. అదే కిరాణా కొట్టులో అగ్గిపెట్టెకు ఎవరూ పాట పెట్టరు, దాని ధర దాని మీదే ఉంటుంది. ధర ఎవరికీ తెలియనప్పుడు, కావాలనుకునేవాళ్లు ఒకరికి మించి ఉన్నప్పుడు మాత్రమే వేలానికి పని.

ఆన్‌లైన్ వేలమూ ఈ సూత్రం మీదే పుట్టింది. 1995 సెప్టెంబరులో అమెరికాలో పియర్ ఒమిడ్యార్ మొదలుపెట్టిన సైటే తర్వాత ఈబే అయింది. మొట్టమొదట్లో అక్కడ అమ్ముడుపోయింది ఒక చెడిపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు. అది పనిచేయదని తెలిసే కొన్నావా అని అడిగితే, చెడిపోయినవే పోగుచేస్తుంటానని కొన్నవాడు జవాబిచ్చాడట. మన దేశంలో 2000లో బాజీ డాట్ కామ్ వచ్చింది. 2004లో దాన్ని ఈబే కొనేసింది. కొన్నవాడి డబ్బు, సరుకు చేరేదాకా మధ్యలో ఆపి ఉంచే పైసాపే అనే ఏర్పాటు కూడా నడిచింది. 2018 ఆగస్టులో ఈబే ఇండియా మూతపడింది. అప్పటికే జనం ఫోన్‌లో బేరానికి అలవాటు పడ్డారు. ఫొటో పెట్టి నిమిషం గడవకముందే "లాస్ట్ ఎంత?" అని మెసేజ్. బేరానికి ఒక్కడు చాలు, పాటకు కనీసం ఇద్దరు కావాలి.

కాబట్టి మొదలుపెట్టేవాళ్లు ముందు ఇంటి సామానును రెండు కుప్పలు చేసుకోవాలి. ఫ్రిజ్, కూలర్, వాషింగ్ మిషన్‌ల సెకండ్ హ్యాండ్ ధర వీధిలో అందరికీ తెలుసు. వాటిని ఓఎల్‌ఎక్స్‌లో పెట్టి, బేరమాడేవాళ్ల తృప్తి కోసం కాస్త కలిపి చెబితే సరి. సనత్‌నగర్ ఆల్విన్ వాళ్ల వాచీ, హెచ్‌ఎంటీ కీ వాచీ, వాల్వు రేడియో, గ్రామఫోన్ రికార్డులు, పాత నాణేలు రెండో కుప్ప. వీటికి పడిచచ్చేవాళ్లు మన వీధిలో ఉండకపోవచ్చు, కానీ దేశం మొత్తం మీద పదిమంది ఉంటారు. సేకరించేవాళ్ల ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో, మొదటి ధర, ఎంతకు తగ్గకుండా పెంచాలి, ఎన్ని గంటలకు ముగుస్తుంది అని రాసి పాట పెడతారు. ఆదివారం రాత్రి భోజనాల తర్వాత ముగిసేలా పెడితే అందరూ ఫోన్ పట్టుకునే ఉంటారు.

మొదటి ధర తక్కువ పెడితే జనం చేరతారు. ఒకసారి పాడినవాడికి ఆ వస్తువు సగం తనదే అనిపిస్తుంది, వదలబుద్ధి కాదు. కానీ గ్రూపులో నలుగురే ఉంటే నూరు రూపాయలకే ఇచ్చేయాల్సి రావచ్చు. అందుకే ఇంతకు తగ్గితే ఇవ్వనని ముందే చెప్పడం మర్యాద. కిటికీ వెలుతురులో ఫొటోలు తీయాలి, పగులు ఉంటే దాన్నే దగ్గరగా తీయాలి. దాచిన గీత కొరియర్‌తో పాటే వెనక్కి వస్తుంది. ఇత్తడి గంగాళం లాంటివి మొదట్లో వద్దు, వాటిని పంపే ఖర్చు వాటి ధరతో పోటీపడుతుంది. డబ్బు పంపుతాను, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. పిన్ డబ్బు ఇవ్వడానికే, తీసుకోవడానికి కాదు. మోసం జరిగితే 1930కి ఫోన్ చేయాలి. పూజగదిలో నూరేళ్లు దాటిన విగ్రహం ఉంటే దాని జోలికి పోకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా అలాంటి వాటి వ్యాపారం చేయకూడదు, దేశం దాటించడం అసలే కూడదు.

ఇవన్నీ చదివితే వచ్చేవే. చదివితే రానిది ఒకటుంది. మా నాన్న రేడియో ఫొటో పెట్టగానే ఒకాయన "వెనక అట్ట ఉందా?" అని అడిగాడు. ఇంకొకాయన గుండీలు కంపెనీవేనా అన్నాడు. దాని పక్కన కూచుని నాన్న వార్తలు వినేవారన్న సంగతి ఎవరికీ అక్కర్లేదు. గంజ్‌లో రైతు చెమటకు పాట లేనట్టే మన జ్ఞాపకానికీ లేదు. వాళ్లు పాడేది అట్టకూ గుండీలకూ మాత్రమే. అది మనసుకు పట్టాక ధర దగ్గర మాట తడబడదు.

పాత వేలాల్లో దొంగ పాట అని ఒకటుండేది. అమ్మేవాడు తన మనిషినే గుంపులో నిలబెట్టి ధర పెంచేవాడు. ఆన్‌లైన్‌లోనూ అది తప్పే. వస్తువును వేలానికి పెట్టాక, వచ్చిన ప్రతి ధరకూ మీ లోపల ఎవరో ఇంకో నూరు కలిపి పాడుతున్నారనుకోండి, పాట ఆపి ఆ వస్తువును మీరే ఉంచుకోండి. దానికి ఎక్కువ పాడింది మీరే.