పటేలమ్మ విడిచిన చీర, నేను కొన్న వాచ్

ఈసారి పుస్తకం గురించి కాదు, వాచ్ గురించి రాస్తున్నాను. పోయిన నెల ఒక ఒమేగా సీమాస్టర్ కొన్నాను. ఇంకొకరు వాడింది. 1960ల నాటి పీస్. 78 వేలు. రెండేళ్లు జవాబు పత్రాలు దిద్దిన డబ్బులు, ఏరియర్స్ కలిపితే సరిపోయింది. సంగతి స్టాఫ్ రూం దాటి మీ దాకా వచ్చినట్టుంది. "సార్, మీరు కూడానా?" అని ముగ్గురు విద్యార్థులు మెసేజ్ పెట్టారు. ఈ పోస్టు ముందు వాళ్లకే.

కొత్త ఒమేగా మన జీతాలకు అందదు. వాడిన వాచ్‌లకు వేరే బజారుంది. 2022 చివర్లో రోలెక్స్ కంపెనీయే తన పాత వాచ్‌లకు సర్టిఫికెట్ ఇచ్చి అమ్మించడం మొదలుపెట్టింది. ఈ బజార్లో మొదట అడిగేది "డబ్బా, పేపర్లు ఉన్నాయా?" అని. పేపర్లు ఉంటే ఒక ధర, లేకపోతే ఒక ధర. మోసమూ ఎక్కువే. డయల్‌కు కొత్త రంగేసి, నాలుగు వాచ్‌ల భాగాలు ఒకదాంట్లో కూర్చి అమ్ముతారు. అందుకే డబ్బులిచ్చే ముందు మూసారాంబాగ్‌లో మా ఇంటి దగ్గరి ముసలి మెకానిక్‌తో వెనక మూత తీయించాను. కంటికి చిన్న భూతద్దం బిగించి, లోపలి నంబరు, డయల్ మీది అక్షరాలు చాలాసేపు చూశాడు. "అసలుదే సార్. రోజూ తాళం ఇచ్చే పని లేదు, చెయ్యి ఆడితే అదే నడుస్తది. తీసి పక్కన పెడితే ఆగిపోతది" అన్నాడు. కొన్నాను. బిల్లు తీసుకున్నాను.

స్టాఫ్ రూంలో ఒక సీనియర్ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు. "ఒరిజినలేనా?" అన్నారు. సరే, బజార్లో అందరూ అడిగేదే. తర్వాత "ఎవరిచ్చారు?" అన్నారు. అదే గదిలో ఇంకొకాయన తన తాత వాచ్ పెట్టుకొస్తాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. "మా తాతది" అనే ఒక్క మాటే ఆయనకు పేపరు. నా వాచ్‌కు బిల్లు ఉంది, మెకానిక్ సాక్ష్యం ఉంది. అయినా అడిగారు. పేపర్లు వాచ్‌కు కాదు, చేతికి కావాలన్నమాట.

ఈ పాత వాచ్‌ల లోకంలో నన్ను ఆలోచింపజేసింది ముట్టుడు సంగతి. 2017 అక్టోబర్‌లో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ న్యూయార్క్ వేలంలో 1 కోటి 77 లక్షల డాలర్లకు పోయింది. అదే మోడల్ ఇంకో చేతి నుంచి వస్తే అందులో చిన్న వంతే వస్తుంది. 2009 మార్చిలో, అదే ఊళ్లో, గాంధీ జేబు గడియారం, కళ్లద్దాలు, చెప్పులు, గిన్నె, పళ్లెం కలిపి 18 లక్షల డాలర్లు పలికాయి. జీవితమంతా మద్యం వద్దన్న మనిషి గడియారాన్ని కొన్నది విజయ్ మాల్యా. కొన్ని చేతులు తాకితే పాత వస్తువు ధర పెరుగుతుంది. మన చేతులు తాకితే కొత్త గ్లాసు కూడా హోటల్లో వేరే పెట్టారు. ముట్టుకున్న వస్తువు మారదు. ముట్టుకున్నదెవరన్న లెక్క మారుతుంది.

ఇంకో మాట. పాత వస్తువు మనకు కొత్త కాదు. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడికి శవాల మీది బట్టలు, పగిలిన కుండలు, ఇనుప నగలు రాసిపెట్టింది. నల్లగొండ జిల్లాలో మా ఊళ్లో మా అమ్మ ఏ దసరాకూ కొత్త చీర కట్టలేదు. పటేలమ్మ కట్టి విడిచిన చీరే పండగ చీర. దానికి బిల్లు లేదు, బేరం లేదు, వద్దనే హక్కు లేదు. తీసుకున్నందుకు ఏడాదంతా పెంట తీయాలి. "ఎవరిచ్చారు?" అనే ప్రశ్న ఆ చీర నుంచే పుట్టింది. మన ఒంటి మీద ఏదన్నా మంచిది కనిపిస్తే ఎవరో ఇచ్చి ఉండాలని వాళ్ల నమ్మకం.

మనం సొంతంగా తెచ్చుకుంటే ఏమయిందో బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో రాశారు. ఇండోర్ ప్రాంతంలో బలాయీలు జరీ అంచు తలపాగాలు చుట్టుకోవద్దని, వాళ్ల ఆడవాళ్లు వెండి బంగారాలు పెట్టుకోవద్దని ఊళ్లు కట్టడి చేశాయి. జైపూర్ సంస్థానంలోని చక్వారాలో అంటరానివాళ్లు విందులో నెయ్యి వడ్డించుకున్నందుకు కర్రలతో వచ్చి కొట్టారు. నెయ్యి కొన్నది వాళ్ల డబ్బుతోనే. అప్పు చేసి తెచ్చారనో, ఆడంబరమనో కాదు, ఆ స్తోమత తమ ఒక్కరికే ఉండాలని కొట్టారు.

నేనుండే మూసారాంబాగ్ పేరు చూడండి. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోయాడు. జనం నోట్లో ఆయన మూసారాం అయ్యాడు. ఆ పేరుకు ఎవరూ పేపర్లు అడగరు. రెండు వందల ఏళ్లకు పైగా వాడుతున్నాం, అందుకే అది మనది. మెకానిక్ చెప్పిందీ అంతే కదా, చెయ్యి ఆడితే నడుస్తది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వాచ్ కొనమని చెప్పడం లేదు. కిస్తీల మీద అసలు కొనొద్దు. ఫీజు, కిరాయి, ఇంట్లోవాళ్ల మందులు ముందు. వాచ్ పెట్టుకుంటే కులం పోదు, నా చేతి మీదే చూశాం. కానీ సాదాగా ఉండమని మనకు నీతి చెప్పేవాళ్ల మణికట్టు కూడా ఒకసారి చూడండి. ఫోనో, బూట్లో, బండో, మీ కష్టంతో తెచ్చుకున్నదాన్ని చూసి "ఎవరిచ్చారు?" అని అడిగితే, కథలు చెప్పకండి, సంజాయిషీ ఇవ్వకండి. "కొన్నాను" అనండి. మా అమ్మకు ఆ మాట అనే వీలు ఒక్క పండక్కీ దొరకలేదు.

జై భీమ్.