విజయం అంటే ఏమిటి? బస్తర్ కలెక్టర్ బి.డి. శర్మ

ఎస్సే పేపర్‌లో విజయం మీద టాపిక్ వస్తే మనలో చాలామంది కలాం గారితో మొదలుపెడతాం. ఈమధ్య నేను బి.డి. శర్మ గారి దగ్గర ఆగిపోయాను.

గణితంలో పీహెచ్‌డీ. 1960ల చివర్లో బస్తర్ కలెక్టర్. అప్పటి బస్తర్ జిల్లా ఒక్కటే కేరళ కంటే పెద్దది. ఇప్పుడది ఏడు జిల్లాలు. బైలదిల్లా ఇనుప గనుల్లో పనికొచ్చిన బయటి మగవాళ్లు ఆదివాసీ అమ్మాయిలను వాడుకుని వదిలేస్తున్నారని తెలిసి, వాళ్లకు దగ్గరుండి పెళ్లిళ్లు చేయించారు. (ఎథిక్స్ పేపర్‌లో ఇదే కేస్ స్టడీగా వస్తే, అలాంటివాడితో కాపురం ఆ అమ్మాయికి ఇష్టమేనా అన్నది ముందు రాస్తాను.) 1980ల మొదట్లో ఐఏఎస్ వదిలేశారు. ఆ తర్వాత షిల్లాంగ్‌లో వైస్ ఛాన్సలర్, 1986 నుంచి 1991 వరకు ఎస్సీ, ఎస్టీ కమిషనర్. ఇక్కడివరకూ ఏ కోచింగ్ సెంటర్ గోడకైనా ఎక్కే బయోడేటానే.

1992లో మావలీభాఠా దగ్గర ఉక్కు ఫ్యాక్టరీకి ఆదివాసీల భూమి తీసుకోవడాన్ని ఆయన వ్యతిరేకించారు. జగదల్‌పూర్‌లో ఒక గుంపు ఆయన బట్టలు చింపి, మెడలో చెప్పుల దండ వేసి వీధుల్లో తిప్పింది. తను కలెక్టర్‌గా పనిచేసిన ఊళ్లోనే!

మనం లెక్కేసుకునే ర్యాంకు, హోదా, ఊళ్లో ఫ్లెక్సీ ఏవీ ఆ రోజు ఆయనకు అడ్డుపడలేదు. ఆయన మాత్రం పని ఆపలేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలన్న 1996 పీసా చట్టానికి దారివేసిన భూరియా కమిటీలో ఆయన సభ్యుడు. మనకేమో అది జీఎస్-2లో ఒక పాయింటు.

2012 ఏప్రిల్ 21న సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్‌ను మావోయిస్టులు ఎత్తుకెళ్లారు. వాళ్ల తరఫు మధ్యవర్తులుగా మన హైదరాబాద్ ప్రొఫెసర్ హరగోపాల్ గారూ, ఎనభై దాటిన శర్మ గారూ అడవిలోకి వెళ్లారు. మే 3న మీనన్ విడుదలయ్యారు. ఏ పదవీ లేని మాజీ కలెక్టర్ మాట అక్కడ చెల్లింది.

అలాగని పదవి అక్కర్లేదంటే నేను నమ్మను. ఆ కుర్చీలో ఉండబట్టే బైలదిల్లాలో ఆయన మాట విన్నారు. ప్రిలిమ్స్ రెండుసార్లు పోయిన నాకు, మా బీటెక్ బ్యాచ్ వాళ్ల ప్యాకేజీల గురించి అమ్మ చెబుతుంటే గుచ్చుకుంటుంది. ఇదంతా చదివాక కూడా గుచ్చుకుంటూనే ఉంది. కాకపోతే 'సర్వీస్‌లోకి ఎందుకు?' అన్న ప్రశ్నకు రాసిపెట్టుకున్న జవాబు మొన్న కొట్టేశాను. కొత్తది ఇంకా కుదరలేదు.

శర్మ గారు 2015 డిసెంబరులో పోయారు. కమిషనర్‌గా ఆయన ఇచ్చిన 29వ నివేదిక దొరికితే చదవండి. నేను సగంలో ఉన్నాను.