చక్రాల మీది ఇంటికి కరెంటు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వారి కాలంలో మోటారు బళ్ళు లేవు గనుక అక్కడితో ఆపారు గానీ, వుండి వుంటే "పాత బండిని ఇల్లు చేసి చూడు" అని మూడో మాట కూడా తప్పక చేర్చి వుండేవారు. ఆ మూడో పని మా చిన్నాయన చేసి చూశాడు. అదీ ఈ వ్యాసానికి కారణం.

ఇటువంటి బండిని విదేశాల్లో మోటారు హోమ్ అంటారు. మన దగ్గర 'క్యారవాన్' అనగానే సినిమా తారలు షూటింగుల మధ్య విశ్రాంతి తీసుకునే పెద్ద ఏ.సి. బండి గుర్తుకొస్తుంది. మా చిన్నాయన తారా కాదు, విదేశీయుడూ కాదు. సీతాఫల్‌మండిలో చిన్న దుకాణం నడుపుకునే మనిషి. ఆయన కొన్నది పాత టెంపో ట్రావెలర్. ఇదివరకటి యజమాని అందులో సీట్లు తీయించి రెండు పడకలు, ఒక అలమర, గిన్నెలు కడుక్కునే చిన్న తొట్టి పెట్టించాడు. ఆర్.సి.లో ఆ మార్పులన్నీ ఎక్కి వున్నాయి. పాత బండి కొనేవారు మొట్టమొదట చూసుకోవలసింది ఇదే. ఆర్.టి.ఏ. అనుమతి లేని మార్పు ఎంత అందంగా వున్నా చట్టం ముందు మార్పు కాదు, తప్పు!

ఇంత శ్రమ ఎందుకయ్యా అంటే మా నాయనమ్మ కోసం. ఆమెకు షుగరు వ్యాధి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ తీసుకోవాలి. శ్రీరామ నవమి నాడు భద్రాచలంలో కల్యాణం కళ్ళారా చూడాలని ఆమె కోరిక. సికింద్రాబాదు నుంచి భద్రాచలం మూడు వందల కిలోమీటర్ల పైమాట. నవమికి అక్కడ గది దొరకడం దేవుడు దొరకడం కంటే కష్టం. పైగా ఎండలు మండే రోజులు. "మందు ఎక్కడ పెట్టాలె? ఉక్కలో నేనెట్ల పండాలె? మీకు బరువెందుకు?" అంటూ ఏడాదికి ఏడాది ఆమె టీవీ ముందు కూర్చునే కల్యాణం చూసి, అక్కడే అక్షతలు వేసి దండం పెట్టుకునేది.

ఇంతకీ బండి వచ్చింది. ఇక కరెంటు సంగతి. చిన్నాయన ఉత్సాహంగా ఒక జాబితా చదివాడు. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, ఇండక్షన్ పొయ్యి, మిక్సీ, టీవీ, వీలైతే ఏ.సి. అరుగు మీద కూర్చున్న మా తాత అంతా విని నవ్వాడు.

ఇక్కడ మా తాత గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడిందని అందరికీ తెలుసు. దానికంటే ఎంతో ముందు, నిజాం రైల్వే కాలంలో 1893లో పుట్టింది లాలాగూడ వర్క్‌షాపు. మా తాత 1970ల్లో రైల్వేలో చేరి ట్రెయిన్ లైటింగు విభాగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. రైలుపెట్టెల్లో లైట్లు, ఫ్యాన్లు, బాటరీలు చూసుకోవడమే ఆయన జీవితం. ఇప్పుడు చూపు తగ్గింది గానీ, వైరు చేతికిస్తే తడిమి దాని మందం చెబుతాడు.

"బండ్లె ఇల్లు గట్టుడు మనకు కొత్తనా? రైలుపెట్టె అంటే ఏంది మరి? డెబ్బై మంది పండుకునే ఇల్లే గదా!" అన్నాడు తాత.

ఆ మాటతో నాకు కళ్ళు తెరుచుకున్నట్టయింది. ఫిజిక్సు చదువుతున్నాను కదా, కానీ రైలుపెట్టెకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందని ఏనాడూ అడగలేదు. తాత వేళ్ళు మడిచి చెప్పాడు. ఒకటి, పెట్టె కింద ఇరుసుకు బెల్టు వేసి తిప్పే ఆల్టర్నేటరు. రైలు పరుగెత్తినంత సేపూ బాటరీలు నింపుతుంది, ఆగితే బాటరీలే లైట్లు వెలిగిస్తాయి. రెండు, రైలు కొసన డీజిల్ జనరేటర్లు మోసే పవర్ కారు. మూడు, పై తీగ నుంచి ఇంజను తీసుకున్న కరెంటునే పెట్టెలకూ పంచే కొత్త పద్ధతి. నాలుగు, యార్డులో నిలిచిన పెట్టెకు బయటి నుంచి కేబులు తగిలించి చార్జి చేయడం. అయిదోది తాత రిటైరైన తర్వాత వచ్చింది. 2017 జూలైలో ఢిల్లీలో ప్రారంభించిన డీజిల్ లోకల్ రైలు పెట్టెల మీద సోలార్ పలకలు పెట్టారు, పెట్టెకు 300 వాట్లవి పదహారు.

పై తీగ ఒక్కటి మినహాయిస్తే మిగిలిన నాలుగూ పాత వ్యానుకూ వర్తిస్తాయి. కానీ వాటి జోలికి పోయే ముందు తాత ఇంకో మాటన్నాడు. "ముందుగాల లెక్క రాయి బిడ్డా. ఏది గావాలె, ఎంతసేపు గావాలె. కరెంటు యాడికెళ్ళి తేవాలెనో తర్వాత మాట్లాడుదాం."

రాశాను. 5 వాట్ల ఎల్.ఇ.డి. లైట్లు మూడు, అయిదు గంటలు: 75 వాట్-అవర్లు. 20 వాట్ల డి.సి. ఫ్యాన్లు రెండు, తొమ్మిది గంటలు: 360. సెల్‌ఫోన్లకు 40. పన్నెండు వోల్టుల చిన్న ఫ్రిజ్ 45 వాట్లది, రోజులో సగం సేపు తిరుగుతుందనుకుంటే 540. మొత్తం రోజుకు వెయ్యి పైచిలుకు. ఇక ఇండక్షన్ పొయ్యి 1800 వాట్లది, గంటసేపు వాడితే అదొక్కటే 1800! చిన్న ఏ.సి. గంటకు వెయ్యి చొప్పున రాత్రంతా నడిస్తే ఎనిమిది వేలు! కాగితం చూడగానే చిన్నాయన తనంతట తనే ఏ.సి., పొయ్యి, మిక్సీ, టీవీ కొట్టేశాడు. బండి ఆపి, బయట గ్యాసు పొయ్యి మీద వండుకుందాం అన్నాడు. ఎవ్వరూ వాదించలేదు. అంకె అంత మర్యాదగా నోరు మూయించేది మరొకటి లేదు సుమా!

ఇక నింపే మార్గాలు చూద్దాం. మొదటిది బండి సొంత ఆల్టర్నేటరు. దాన్ని ఎలాగూ తిప్పుతున్నాం గనుక చవకైనది. అయితే ఇంజను స్టార్టు చేసే బాటరీ వేరు, ఇంటి బాటరీ వేరుగా వుండాలి. రెండూ ఒకటే అయితే రాత్రంతా ఫ్యాను తిరిగి తెల్లారేసరికి బండి కదలదు. రెంటి మధ్య ఒక రిలే గానీ, డి.సి. చార్జరు గానీ వుండాలి. ఇంజను నడిచేటప్పుడే అవి కలిసి, ఆగగానే విడిపోవాలి. ఏడు గంటల ప్రయాణంలో 20 ఆంపియర్ల చొప్పున పోతే ఒక పెద్ద బాటరీ దాదాపు నిండుతుంది. నిండే కొద్దీ అది తీసుకునే కరెంటు తగ్గుతుందని మరచిపోకూడదు.

రెండోది సోలార్. 150 వాట్లవి రెండు పలకలు పైకప్పు మీద పరిస్తే, మన తెలంగాణ ఎండలో రోజుకు అయిదు గంటల పూర్తి ఎండ లెక్కన 1500 వాట్-అవర్లు రావాలి. వేడికీ దుమ్ముకూ కొంత పోగా వెయ్యి దాకా చేతికందుతుంది. మన రోజు ఖర్చూ అంతేగా! కానీ ఇందులో ఒక తిరకాసు వుంది. చెట్టు నీడన ఆపితే లోపల చల్లగా వుంటుంది గానీ పైన కరెంటు పుట్టదు. ఎండలో ఆపితే కరెంటు పుడుతుంది, లోపల మనుషులు వుడుకుతారు. వానాకాలంలో మబ్బు పట్టిన రోజుల్లో ఆశ సగానికి తగ్గించుకోవాలి.

మూడోది జనరేటరు. కరెంటు కోతల రోజుల్లో సికింద్రాబాదు దుకాణాల ముందు గుడగుడలాడిన చిన్న జనరేటర్లు ఎవరు మరచిపోతారు? శక్తి వుంది, కాదనలేం. కానీ మోత, వాసన, పెట్రోలు ఖర్చు. అన్నిటికంటే ముఖ్యం, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ వుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో వున్నవాడిని లేవనీయదు. బండి లోపల, కిటికీ పక్కన దాన్ని ఏ పరిస్థితిలోనూ నడపరాదు. జనం నిండిన నవమి నాడు దాన్ని దూరంగా ఎక్కడ పెడతాం? కనుక మాకు వద్దనుకున్నాం.

నాలుగోది ఇంటి దగ్గరో, సత్రం దగ్గరో ప్లగ్గు. బయల్దేరే ముందు రాత్రి ఇంట్లోనే 230 వోల్టుల చార్జరు తగిలించి బాటరీలు నిండుగా చేసుకోవడం అన్నిటికంటే సులువు. కానీ బండి ఒళ్ళంతా ఇనుము. ఎర్తు లేని ప్లగ్గులో తగిలిస్తే ఏదో ఒక వైరు తెగి బాడీకి తాకినప్పుడు తలుపు పట్టుకున్నవాడి గతి చెప్పనక్కర లేదు. అందుకని 30 మిల్లీఆంపియర్ల లీకేజికే పడిపోయే ఆర్.సి.సి.బి. ఒకటి బండిలోనే బిగించాం. ఎక్కడ తగిలించినా ముందు ఎర్తు వుందో లేదో పరీక్ష చేయాలని తాత ఆజ్ఞ.

బాటరీల కోసం చిన్నాయనా నేనూ రాణిగంజ్ పోయాం. ఆ వీధుల్లో దొరకని మోటారు సామాను వుండదంటారు. ఇళ్ళలో ఇన్వర్టరుకు వాడే నీళ్ళ బాటరీ చవకే గానీ, కదిలే బండిలో ఆసిడ్ తొణుకుతుంది, చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వదులుతుంది. పడక కింద పెట్టుకునే వస్తువు కాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బాటరీ తేలిక, ఎక్కువ కాలం మన్నుతుంది, ముప్పాతిక వంతు పైగా వాడుకోవచ్చు. కానీ ధర ఎక్కువ, పాత ఆల్టర్నేటరు నుంచి నేరుగా కలిపితే అది లాగే కరెంటుకు ఆల్టర్నేటరు కాలిపోయే ప్రమాదం వుంది. తాతను ఫోన్లో అడిగితే "రైలుపెట్టెలల్ల సీలు బాటరీలు మస్తు జూసిన. గవి తీసుకోండ్రి" అన్నాడు. అలా 100 ఆంపియర్-అవర్ల సీలు బాటరీలు రెండు తెచ్చాం. కాగితం మీద 2400 వాట్-అవర్లు. సీసపు బాటరీని సగం కంటే కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది గనుక మాది 1200 అనే లెక్క.

వైరింగు దగ్గర మా తాత అసలు పాఠం చెప్పాడు. బండిలో అంతకుముందు వేసిన వైర్లు తడిమి "ఇవి ఇంటి వైర్లు, తీసి పారెయ్యి" అన్నాడు. వెయ్యి వాట్ల పనికి ఇంట్లో 230 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్లు చాలు. అదే పనికి 12 వోల్టుల దగ్గర 83 ఆంపియర్లు కావాలి! వోల్టులు తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయి, ఆంపియర్లు పెరిగితే సన్న వైరు కాలుతుంది. రైలుపెట్టెల్లో ఒకప్పుడు వున్న 24 వోల్టులు తీసి 110కి మార్చడంలో లాభం కూడా ఇదేనట. మేము ఈ సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టాం. ఆయన దాన్ని వేళ్ళతో చదివాడు. అందుకే మా బండిలో లావు కేబుళ్ళు, బాటరీ పక్కనే ఫ్యూజు, అవసరానికి 300 వాట్ల చిన్న ఇన్వర్టరు మాత్రం వున్నాయి. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ నేరుగా 12 వోల్టులవే.

నాయనమ్మ మందు గురించి డాక్టరు గారిని కూడా అడిగాం. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య వుండాలి, గడ్డకట్టకూడదు. వాడుతున్నది మాత్రం చాలా రకాలకు నాలుగు వారాల దాకా బయట వుండవచ్చు, అయితే వేడి 30 డిగ్రీలు దాటరాదు. ఎండలో నిలిచిన బండి లోపల 40 దాటడం ఎంతసేపు? అందుకని ఫ్రిజ్ వున్నా నాయనమ్మ తన నమ్మకం తను వదల్లేదు. ఒక చిన్న రంజను, దాని మీద తడిగుడ్డ సిద్ధం చేసుకుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. ఫ్రిజ్ అంత చల్లదనం రాదు, గాలిలో తేమ వుంటే ఇంకా తగ్గుతుంది. అయినా కరెంటు అక్కరలేని కాపలా అది. తాత దాన్ని చూసి "స్టాండ్‌బై మంచిగున్నది" అని సర్టిఫికెట్ ఇచ్చాడు.

నవమికి ముందు రోజు తెల్లవారుజామున బయల్దేరి సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం మీదుగా వెళ్ళాం. రెండు రాత్రులు బండిలోనే. రెండో రోజు తెల్లవారి మీటరు చూస్తే 12.3 వోల్టులు. సగానికి పైనే వుంది. ఫ్రిజ్‌లో మందు చల్లగా వుంది. నాయనమ్మ మాత్రం మీటరు చూడలేదు, మా లెక్కలు వినలేదు. కల్యాణం చూసి వచ్చి, పడక మీద కూర్చుని, తల మీది అక్షతలు దులుపుకోకుండా తాత వైపు తిరిగి, "ముప్ఫై ఏండ్లు ఊరోళ్ళందరికి లైట్లేసినవు. ఇయ్యాల నాకేసినవు" అంది. తాత ఫ్యాను స్విచ్చు ఒకసారి ఆపి మళ్ళీ వేశాడు, అది బాగానే పనిచేస్తున్నా.

సోదర విద్యార్థులారా! పాత బండి కొన్నవాడికి అంగడిలో అందరూ సలహా చెబుతారు. పెద్ద బాటరీ అంటాడు ఒకడు, పెద్ద ఇన్వర్టరు అంటాడు ఇంకొకడు. నీకేం కావాలని అడిగేవాడు అరుదు. ఎవరి కోసం, ఏ అవసరానికి, ఎన్ని గంటలు అన్నది ముందు రాసుకుంటే కొనవలసినవి సగం తగ్గుతాయి, మిగిలిన సగం సరిగ్గా పనిచేస్తాయి. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు. మీ ఇంట్లో కూడా రిటైరై అరుగు మీద కూర్చున్న తాత ఎవరైనా వుంటే, ఆ కాగితం తీసుకుపోయి ముందు ఆయన పక్కన కూర్చోండి.