మూలస్థలమున గృహము – గుణదోష విచారము

నాలుగు వైపుల మాడవీథులు గల దేవాలయమును చూచి చేతులు జోడించు జనులే, రెండు వైపుల వీథి గల గృహస్థలమును చూచి శంకింతురు. రెండు వీథులు కలిసెడి మూలయందలి స్థలమును నేడు కార్నర్ ప్లాటని వ్యవహరించుచున్నారు. లేఅవుట్లలో దీనికి తరచుగా అదనపు ధర చెప్పుదురు. ఒకరు ఆ ధర ఇచ్చియైనను కోరి కొందురు. మరొకరు తక్కువ ధరకు వచ్చినను భయపడి విడుతురు. కోరికకును, భయమునకును మూలమేమో విచారించుట గృహస్థునకు అవసరము.

వరాహమిహిరాచార్యుడు 6వ శతాబ్దియందు రచించిన బృహత్సంహితలో వాస్తువిద్యకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. అందు 81 పదముల మండలమును, 64 పదముల మండలమును, వాటియందు నెలకొన్న 45 మంది దేవతలును చెప్పబడిరి. వాస్తుపురుషుని శిరస్సు ఈశాన్యమున, పాదములు నైరుతియందు ఉండును. ఈశానుడు, అగ్ని, నిరృతి, వాయువు విదిక్కులకు అధిపతులు. తూర్పు ఉత్తరములందు వీథులున్నచో ఈశాన్యస్థలము, తూర్పు దక్షిణములందున్నచో ఆగ్నేయము, ఉత్తర పశ్చిమములందున్నచో వాయవ్యము, దక్షిణ పశ్చిమములందున్నచో నైరుతి అని తెలుగునాట వాడుక. వీటిలో ఈశాన్యము ఉత్తమమనియు, నైరుతి భయప్రదమనియు లోకప్రసిద్ధి.

ఈ ప్రసిద్ధికి ప్రత్యక్షకారణమును కూడ చూడవచ్చును. ఈశాన్యస్థలమునకు ప్రాతఃకాలపు లేయెండ అడ్డు లేక ప్రసరించును; దక్షిణ పశ్చిమములందలి పొరుగిండ్లు అపరాహ్ణపు తీవ్రాతపమును ఆపును. నైరుతిస్థలమునకు ఇది తలక్రిందులు. మిట్టమధ్యాహ్నము మొదలు సూర్యాస్తమయము వరకు దాని రెండు గోడలును ఎండకు కాగును. వైశాఖ జ్యేష్ఠములందు పడమటి వడగాలికి ఎదురు నిలుచునదియు అదియే. కావున పూర్వులు ఆ దిక్కున గోడ మందముగాను, ఎత్తుగాను ఉండవలెనని, బరువైన వస్తువులు అచటనే ఉంచవలెనని చెప్పుట యుక్తియుక్తము. అయితే అది నివాసమునకు చెప్పిన జాగ్రత్త; నివాసికి విధించిన శిక్ష కాదు.

మరియొక భ్రాంతిని కూడ తొలగించుకొనవలెను. మూలస్థలమును, వీథిపోటు గల స్థలమును ఒకటిగా భావించువారు పెక్కురు. వీథిపోటనగా ఎదుటినుండి వచ్చిన మార్గము స్థలమునకు తగిలి ఆగుట. మూలస్థలమున వీథులు ప్రక్కగా సాగిపోవును; తగులవు. బృహత్సంహిత ద్వారమునకు ఎదురుగా మార్గము, వృక్షము, మూల, కూపము, స్తంభము మొదలగునవి ఉండుటను వేధయని నిందించినది. నిందించి అంతటితో విడువక, ఎత్తునకు రెండింతల భూమిని విడిచినచో దోషము లేదని కూడ చెప్పినది. దోషమును చెప్పిన నోటనే పరిహారమును చెప్పుట శాస్త్రకారుని కారుణ్యము. మొదటి మాటను మాత్రము ప్రచారము చేసి రెండవ మాటను దాచుట శాస్త్రసేవ కాదు.

ఇక లౌకికముగా చూచినచో మూలయింటికి గాలి, వెలుతురు రెండు వైపులనుండి సమృద్ధిగా లభించును. రెండు వాకిళ్లు పెట్టుకొనవచ్చును. మేడపై అద్దెకుండువారికి వేరు దారి ఈయవచ్చును. అట్లే కష్టములును కలవు. ధూళి, శబ్దము రెండింతలు. రాత్రి మలుపు తిరుగు వాహనముల దీపకాంతి పడకగదిలోనికి వచ్చును. వీథివైపు ప్రహరీకి వ్యయమధికము. రెండు వీథుల వైపునను ఖాళీ స్థలము విడువవలసి వచ్చును. అమావాస్యనాడు దిష్టి తీసిన గుమ్మడికాయలు, నిమ్మకాయలు తెల్లవారుసరికి ఆ మూలనే కనబడును.

అన్నిటికంటె చిత్రమైన సందేహము మరొకటి. మలుపున వచ్చువారు ఒకరికొకరు కనబడుటకై, కూడలి స్థలముల మూలను ఏటవాలుగా కోసి దారికి విడువవలెనని పురపాలక నిబంధనలు చెప్పుచున్నవి. ఈశాన్యము తెగరాదని వాస్తుజ్ఞుల మాట. ఈశాన్యస్థలమును ఆశపడి కొన్నవాడు ఈ రెండింటి నడుమ చిక్కుకొని, నిబంధనను మీరి గోడను మూలవరకు కట్టుచున్నాడు. ఇచట వేదార్థమును స్మరింపవలెను. శతపథబ్రాహ్మణమున త్ర్యంబకహోమమును చతుష్పథమందు చేయుమని విధి. చతుష్పథము రుద్రునకు ప్రియమైన స్థానము. మనుస్మృతి స్నాతకుని చతుష్పథమునకు ప్రదక్షిణముగా పొమ్మన్నది. ఈశానుడనగా ఆ రుద్రుడే గదా! కూడలికి విడిచిన ఈశాన్యభాగము ఈశానునకు దూరమగునా? దారిన పోవు పసిబిడ్డను కాపాడు ఆ మూరెడు నేల తెగిన అంగము కాదు, సమర్పించిన హవిస్సు.

గోదావరీతీరమందలి ఒక పట్టణమున విశ్రాంత ఉపాధ్యాయుడొకరు దక్షిణ పశ్చిమ వీథుల మూలస్థలమును సరసమైన ధరకు కొని ఇల్లు కట్టిరి. గృహప్రవేశమైన మూడవయేట ఆయన ధర్మపత్ని మూత్రపిండముల వ్యాధితో గతించెను. నైరుతియే ఆమెను మ్రింగినదని బంధువులనిరి. దక్షిణపు గేటు మూయించిరి, మెట్లు మార్పించిరి. చివరకు అమ్మివేయుమని కుమారుడు పట్టుపట్టెను. చంటిబిడ్డతో యువదంపతులు వచ్చి, ఇల్లు చూచి, బయానా ఇచ్చుటకు సిద్ధపడిరి. ఉపాధ్యాయుని చేయి ఆడలేదు.

“నాయనా, ఈ ఇల్లు మనుష్యులను చంపునని నమ్మినచో ఆ బిడ్డ తల్లికి ఎట్లు అమ్మగలను? నమ్మనిచో ఎందులకు అమ్మవలెను?” అని ఆయన అడిగిరి.

“మీరు ఒంటరిగా ఉన్నారని నా భయము, నాన్నగారూ” అని కుమారుడనెను. అసలు మాట అపుడు బయటపడినది. ఆసుపత్రి కాగితములు తీసి చూడగా వ్యాధి మొదటిసారి బయటపడిన తేదీ శంకుస్థాపనకు నాలుగేండ్ల ముందుది. ఆ తల్లి అద్దెయింటనే రోగి. ఆమె కోరిక సొంతయింట కన్నుమూయవలెనని. అది ఆ ఇల్లే తీర్చినది. ఆయన ఇల్లు అమ్మలేదు. పడమటి ఎండకు అడ్డముగా వేపమొక్క నాటిరి; వేసవిలో ఆ మూలనే చలివేంద్రము పెట్టుచున్నారు. కుమారుడు ప్రతి మాసమును వచ్చి పోవుచున్నాడు.

భూమిపరీక్షలను చెప్పుచు, ఎవని మనస్సు ఏ నేలయందు రమించునో వానికి ఆ నేల శుభదమని వరాహమిహిరుడే అంగీకరించెను. కావున స్థలమును కొనుటకు ముందు దిక్కులను, మార్గములను, ఎండగాలులను చక్కగా పరీక్షింపవలెను, అది వివేకము. కొని నివసించిన పిదప వచ్చిన ప్రతి దుఃఖమును గోడలకు అంటగట్టుట అవివేకము. కర్మఫలము వీథిని అడిగి రాదు. భోజనవేళ గోవును పిదుకునంత కాలము వాకిట అతిథికై నిరీక్షింపుమని పురాణములు గృహస్థుని ఆదేశించినవి. రెండు వీథులున్న ఇంటికి అతిథి వచ్చు దారులును రెండు. మూలయింటి గుణములలో ఇది ఏ ధరపట్టికయందును కానరాదు. గృహస్థధర్మమున మాత్రము ఇదియే ప్రథమము.

స్వస్తి.