‘అయినా’

1995 జూన్ 30, శుక్రవారం. మా అబ్బాజాన్ రిటైరైన రోజు. తెలంగాణలోని ఒక చిన్న మున్సిపాలిటీలో 1961లో బిల్ కలెక్టర్‌గా చేరి, మేనేజర్‌గా దిగిపోతున్నాడు. జుమా నమాజు చదువుకొని, ఇస్త్రీ చేసిన షేర్వానీ తొడుక్కొని సన్మానానికి పోయాడు. వెనక అమ్మీ, నేనూ.

ఆయన 1937లో పల్లెటూళ్లో, ఇంట్లోనే పుట్టాడు. ఏ రోజు పుట్టాడో దాదీకే తెలియదు. బళ్లో వేసినప్పుడు పంతులు జూలై 1 అని రాసుకున్నాడు. ఒకటో తేదీన పుట్టిన ఉద్యోగి ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలి. అట్లా, తనది కాని పుట్టినరోజు లెక్కన ఆయనకు 58 ఏండ్లు నిండాయి.

ముప్ఫయి నాలుగేండ్లలో ఏం చేశాడంటే, పెద్ద పెద్ద మాటల్లో చెప్పేదేమీ లేదు. ఇంటిపన్ను వసూలు చేశాడు. జనన మరణాల రిజిస్టరు రాశాడు. ఎండాకాలంలో ఏ వాడకు నీళ్ల ట్యాంకరు పోలేదో కనుక్కొని పంపించాడు. సఫాయి కార్మికుల జీతాల బిల్లు ఎక్కడన్నా ఆగితే తనే ఫైలు చంకన పెట్టుకొని తిరిగాడు. ఆయన చదువు ఉర్దూలో సాగింది. నిజాం కాలంలో సర్కారు భాష అదే కదా. ఆనాటి ఇంటి కాగితాలు, రసీదులు పట్టుకొని అన్ని కులాలవాళ్లూ మా అరుగు మీద కూర్చునేవాళ్లు. ఆయన చదివి, తెలుగులో విప్పి చెప్పేవాడు. ఎందరి ఇండ్లు ఎవరివో మా ఇంటి ఉర్దూతోనే తేలింది.

సభలో శాలువా కప్పారు. గోడ గడియారం ఇచ్చారు. ఒక పెద్దమనిషి మైకు అందుకున్నాడు. “సాయిబు అయినా చాలా మంచోడు. మనలో ఒకడిగా కలిసిపోయిండు. అందరూ ఈయనలెక్క ఉంటే దేశంల గొడవలే ఉండవు” అన్నాడు. చప్పట్లు మోగాయి. బాబ్రీ మసీదు కూలి అప్పటికి రెండున్నరేండ్లు. ఆ మాటన్నాయన చెడ్డవాడు కాదు. ప్రతి రంజాన్‌కూ మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగినవాడే. అందుకే ఆ మాట ఇంకా లోతుకు దిగింది.

చివర్న, వీధులు ఊడ్చే ఒకమ్మ వేదిక ఎక్కకుండా కిందనే నిలబడి, “ఇంక మా జీతాల గురించి ఎవరడుగుతరు సారూ?” అంది. అప్పుడే అబ్బాజాన్ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ రోజు జరిగిన అసలు సన్మానం అదే. ఆమె మాటలో ‘అయినా’ లేదు.

రాత్రి అడిగాను: “ఆ మాటకు మీరెందుకు ఊకున్నరు?”

గడియారానికి గోడలో మేకు కొడుతూ, “మెచ్చుకునేటోళ్లతోని కొట్లాడతమా బేటా” అన్నాడు.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. ఎన్నార్సీ భయంతో మా వాడంతా బర్త్ సర్టిఫికెట్ల వెంట పడింది. ఎనభై దాటిన అబ్బాజాన్ మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. పుట్టుక ఏడాదిలోపు నమోదు కాకపోతే మేజిస్ట్రేటు ఆర్డరు కావాలని, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో వచ్చినవాళ్లకు ఓపికగా చెప్పేవాడు. మా బిడ్డ వచ్చి, “దాదా, మరి మీ సర్టిఫికెట్ ఏది?” అని అడిగింది.

ఆయన నవ్వాడు. “నేను రాసేటోణ్ని. నన్నెవరు రాస్తరమ్మా?”

ఊళ్లో ఎందరి పుట్టుకలకో సాక్ష్యం రాసిన చేయి అది. ఆ చేతికే ఈ మట్టి మీద పుట్టినట్టు సాక్ష్యం లేదు. నన్నడిగితే ఆయన రాసిన ఆ రిజిస్టర్లే ఆయన సర్టిఫికెట్.

ఆనాడు సభలో నేను లేచి అనాల్సిన మాటను ఇన్నేండ్లకు ఇక్కడ రాస్తున్నాను. మా అబ్బాజాన్ ముస్లిం. ఊరికి ముప్ఫయి నాలుగేండ్లు నిజాయితీగా పనిచేశాడు. ఈ రెండు మాటల మధ్య ‘అయినా’ పెట్టే హక్కు ఎవరికీ లేదు.